బెర్లిను పేటల పొలిమేర

గ్రామములందు పొలిమేర తగవులును గట్టు తగవులును మన పాఠకులకు క్రొత్తవి కావు. కరణము గొలుసు పట్టి కొలిచి పాతించిన రాయి ఎవరి సౌకర్యము కొఱకు పాతబడినదో రెండు తరములలో మఱపునకు వచ్చును. రాయి మాత్రము నిలిచియుండును. దానిని నమ్ముకొని మనుమలు న్యాయస్థానముల మెట్లెక్కుదురు. ఇరువదవ శతాబ్దమున ఒక మహానగరమునకు ఇట్టి యవస్థయే పట్టినది. జర్మనీ రాజధానియగు బెర్లినును చీల్చిన గీత, 1920 సంవత్సరమున బడులు నడుపుటకును, వీధులు ఊడ్పించుటకును వీలుగ నుండునని పురపాలకులు గీసికొనిన పేటల పొలిమేర. పావు శతాబ్దము గడచునప్పటి కదియే రెండు రాజ్యకూటముల నడిమి సరిహద్దై కూర్చున్నది. ఆ గీత నేలమీదను, నీటిమీదను, నేలక్రిందను చేసిన పనిని పాఠకుల యెదుట నుంచ దలచితిమి.

బెర్లిను పేరు మన దేశమునకు పరాయిది కాదు. హైదరాబాదున 1880లో జన్మించిన వీరేంద్రనాథ చట్టోపాధ్యాయుడు, సరోజినీదేవి సోదరుడు, మొదటి మహాసంగ్రామ కాలమున ఈ నగరమునందే భారతీయ విప్లవవాదుల సమితిని నడపెను. సుభాసచంద్ర బోసు 1941లో ఇక్కడనే స్వతంత్ర భారత కేంద్రమును నెలకొల్పెను. ఆ కేంద్రమున్న టీర్‌గార్టెను పేట, యుద్ధము ముగిసిన పిదప జరిగిన పంపకమున, ఆంగ్లేయుల వంతునకే వచ్చుట విధి చేసిన పరిహాసము గాక మఱేమి?

1871లో జర్మను సామ్రాజ్యమునకు రాజధాని యైన తరువాత బెర్లిను చుట్టును పట్టణములు పుట్టగొడుగులవలె లేచినవి. ఒకదాని వీధి యెచ్చట ముగిసి వేఱొకదాని వీధి యెచ్చట మొదలగునో బాటసారికి తెలియదు; పన్ను కట్టువానికి మాత్రము చక్కగ తెలియును. షార్లొట్టెన్‌బుర్గు వంటి పట్టణములలో ధనికులు స్వల్పమగు పన్నులతో సుఖముగ నుండ, కార్మికుల పేటలు ఇరుకు ఇండ్లతోను, రోగములతోను క్రుంగుచుండెను. ఈ అవకతవకను మాన్పుటకై ప్రష్యా శాసనసభ 1920 ఏప్రిలు 27వ తేదీని మహా బెర్లిను శాసనమును ఆమోదించినది. ధనిక పట్టణములు గట్టిగనే ప్రతిఘటించినవి. స్వల్పాధిక్యముతో శాసనము గట్టెక్కినది. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీని 8 పట్టణములు, 59 గ్రామములు, 27 ఎస్టేటులు ఒక్క నగరముగ కలిసినవి. వైశాల్యము 878 చదరపు కిలోమీటరులు. జనసంఖ్య రమారమి 38 లక్షలు.

ఈ విశాల నగరమును పాలనా సౌకర్యమునకై 20 పేటలుగ విభజించిరి. కొన్నిచోట్ల పాత గ్రామముల చెక్కుబందీలనే నిలుపుకొనిరి. కొన్నిచోట్ల కాలువల వెంబడిని, రైలు కట్టల వెంబడిని గీత లాగిరి. ఒక వీధిలో ఇండ్ల గోడలు ఒక పేటకును, ఆ గోడల ముందరి కాలిబాట వేఱొక పేటకును పడినవి. ఒకచో స్ప్రే నది యావత్తును ఈవలి గట్టు వఱకు ఆవలి పేటకే చెందినది. 1938లో కొన్ని సవరణలు జరిగినవి. అంతయు ఒకే పురపాలక సంఘము క్రింద నుండుటచే ఈ వింతలను పట్టించుకొనినవారు లేరు. ఏ పేట నీట మునిగినవానినైన ఏ పేట మనిషియైనను పైకి లాగ వచ్చును గదా.

1944 సెప్టెంబరు నాటికి జర్మనీ ఇంకను ఓడలేదు. ఐనను గెలుపు తప్పదని నమ్మిన మూడు రాజ్యముల ప్రతినిధులు లండనులో కూర్చుండి, 12వ తేదీని ఒక ఒడంబడికపై చేవ్రాళ్లు చేసిరి. జర్మనీని సైన్యాధీన మండలములుగ పంచుకొనుట ఒకటి. బెర్లినును వేఱుగ పంచుకొనుట మఱియొకటి. నగరము సోవియటు మండలము నడుమ, పాశ్చాత్యుల మండలములకు నూఱు మైళ్లకు మించిన దూరమున, ద్వీపమువలె నుండునని వారెఱుగుదురు. ఎఱిగియు, అచ్చటికి పోవు దారిని గూర్చి ఆ పత్రమున ఒక్క ముక్కయు వ్రాసికొనలేదు. మన పల్లెలో అరయెకరము పొలము కొనువాడు సైతము బండిదారి యున్నదా యని ముందుగ విచారించును. ప్రపంచమును జయించుచున్న రాజ్యములకు ఆ పాటి జాగ్రత్త లేకపోయెను.

పేటల పంపకమునకు వారు క్రొత్త గీతలు గీయలేదు. 1938 మార్చి 27వ తేదీ ఉత్తరువు ననుసరించిన పేటల సరిహద్దులనే ప్రమాణముగ గైకొనిరి. ఈశాన్య భాగపు 8 పేటలు సోవియటు వంతు. దక్షిణమున 6 అమెరికాకు, పడమట 4 బ్రిటనుకు పడినవి. ఫ్రాన్సుకు ఆంగ్లేయుల వంతునుండి వెడ్డింగు, రైనికెండార్ఫు అను రెండింటిని తీసి యిచ్చుట 1945లో జరిగినది. పాత రాజభవనము, విశ్వవిద్యాలయము, నగర సభాభవనము గల మిట్టె పేట, అనగా నడిమి పేట, సోవియటు వంతున పడెను. బ్రాండెన్‌బుర్గు ద్వారము తూర్పునకు పోయినది. దానికి కూతవేటు దూరమున నున్న రైష్టాగు భవనము పశ్చిమమునకు వచ్చినది. నగరవాసులను ఎవరును అడుగలేదు. హిట్లరు పాలనకు పీఠమై, యూదుల సంహారమునకు ఆజ్ఞలు వెలువడిన నగరమునకు 1945లో అడుగు హక్కు లేదనువారు కలరు. ఆ మాటను మేము కాదనము. కాని ఆ గీత యొక్క శిక్ష ఎవరి తలపై పడినదో ముందు చూడనగును.

1945 మే 2వ తేదీని నగరము సోవియటు సేనకు లొంగినది. జూలై మొదటివారమున పాశ్చాత్య సేనలు ప్రవేశించినవి. నలుగురు సేనాధిపతుల సంఘ మొకటి పాలన మొదలుపెట్టెను. వారు దాయాదులవలె ఒకే పంచలో కాపురముండిన మూడు సంవత్సరములలో, ఒక్కసారి నగరవాసుల అభిప్రాయమడిగిరి. 1946 అక్టోబరు 20వ తేదీని జరిగిన ఎన్నికలలో సోషలు డెమొక్రాటులకు నూటికి 49 వంతుల వఱకు వోట్లు పడినవి. సోవియటు అండ గల ఐక్య సోషలిస్టు పక్షమునకు 20 వంతులలోపే. మఱుసటి సంవత్సరము నగరసభ ఎర్నెస్టు రాయిటరును మేయరుగ ఎన్నుకొనగా సోవియటు సేనాధిపతి సమ్మతింపలేదు. లూయీ ష్రోడరు అను మహిళ తాత్కాలికముగ ఆ బాధ్యత వహించెను.

చీలిక నాణెము వలన పైకి వచ్చినది. 1948 జూను 20వ తేదీని పశ్చిమ మండలములలో క్రొత్త మార్కు ప్రవేశపెట్టబడెను. సోవియటు పక్షమును తన మార్కును జారీచేసెను. ఒకే నగరమున, ఒకే వీధిలో, రెండు నాణెములు! 24వ తేదీని పశ్చిమ బెర్లినుకు రోడ్డు, రైలు, కాలువ మార్గములు మూతపడినవి. ఇరువది లక్షల జనమునకు బియ్యము బొగ్గులు ఎట్లు చేరవలెను? అచ్చటి వారికి బియ్యమునకు మాఱు ఉర్లగడ్డ యనుకొనుడు. భూమార్గమును గూర్చి వ్రాతమూలక హామీ లేదని పైన చెప్పితిమి. ఆకాశమార్గమును గూర్చి మాత్రము 1945 నవంబరులో మూడు దారులు వ్రాసికొని యుండిరి. ఆ కాగితమే నగరమును బ్రదికించినది. 1948 జూను 26వ తేదీ మొదలు 1949 సెప్టెంబరు 30 వఱకు 2,70,000కు మించిన విమానయాత్రలు జరిగినవి. చేరవేసిన సరకు 23 లక్షల టన్నులు. అందు మూడింట రెండు వంతుల వఱకు బొగ్గే. 1949 ఏప్రిలు 16వ తేదీతో ముగిసిన ఒక్క దినమున 1,398 విమానములు దిగినవి. టేగెలులో క్రొత్త విమానాశ్రయమును వేలకొలది నగరవాసులు, అందధికులు స్త్రీలు, శిథిలముల రాళ్లు మోసి మూడు నెలలలో నిర్మించిరి. మే 12వ తేదీని దిగ్బంధము తొలగెను. ఈ సరఫరాలో ప్రాణములు కోల్పోయినవారు నూఱుగురి వఱకు గలరు.

ప్రపంచము ఆకాశమువంక చూచుచుండగా, నేలమీద పురపాలక సంఘము రెండుగ చీలెను. 1948 సెప్టెంబరు 6వ తేదీని సోవియటు వంతునందలి సభాభవనములోనికి అల్లరిమూక చొరబడుటచే సభ్యులలో అధికులు పశ్చిమమునకు తరలిపోయిరి. నవంబరు 30వ తేదీని తూర్పున వేఱొక నగరపాలక మండలి వెలసి, జర్మను గణతంత్రపు మొదటి అధ్యక్షుని కుమారుడగు ఫ్రీడ్రిషు ఎబర్టును మేయరుగ ప్రకటించెను. డిసెంబరు 5వ తేదీని పశ్చిమమున ఎన్నికలు జరిగి రాయిటరు మేయరయ్యెను. అటుపిమ్మట ఆస్తి పంపకము ముక్కముక్కగ సాగినది. విద్యుత్తు తీగలు వేఱుపడినవి. 1952 మే 27వ తేదీని తూర్పు పడమటల నడుమ టెలిఫోను తెగినది. దానిని మరల కలుపుటకు 1971 వఱకు పట్టినది. 1953 జనవరిలో ట్రాముబండ్లు సరిహద్దువద్ద నిలిచిపోయినవి. తూర్పువారు స్త్రీలచే బండ్లు నడిపింప, పశ్చిమపు నిబంధనల ప్రకారము స్త్రీలు నడుపరాదనుట అప్పటి తగవునకు మూలము. ఇంతటి విభేదమునకు ఇంత చిన్న సాకు దొరకుట నవ్వు పుట్టించును గాని, ఆనాటినుండి ఉద్యోగమునకు పోవు కూలివాడు సరిహద్దు దాక ట్రాములో వచ్చి, నడచి దాటి, ఆవల వేఱొక ట్రామెక్కవలసి వచ్చెను.

1949లో రెండు జర్మనీ రాజ్యములు పుట్టినవి. తూర్పు రాజ్యము బెర్లినును తన రాజధానిగ ప్రకటించుకొనెను. పాశ్చాత్యులు దానిని అంగీకరింపలేదు. పశ్చిమ రాజ్యము రైను తీరమందలి బొన్ను పట్టణమున తాత్కాలికముగ విడిది చేసెను. పశ్చిమ బెర్లిను ఏ రాజ్యమునకు చెందినదని యడిగిన న్యాయవాదులకు గంటల పని. దాని ప్రతినిధులకు బొన్ను సభలో పూర్తి వోటు హక్కు లేదు. దాని యువకులకు నిర్బంధ సైనికసేవయు లేదు.

1953 జూను 17వ తేదీని తూర్పున కార్మికులు పని పెంపునకు వ్యతిరేకముగ లేచిరి. సోవియటు టాంకులు ఆ తిరుగుబాటు నణచినవి. తరువాతి తిరుగుబాటు కాళ్లతో జరిగినది. 1949 మొదలు 1961 వఱకు తూర్పు జర్మనీని వదలిపోయినవారు 27 లక్షలని లెక్క. బెర్లినులో పేట మాఱినంతమాత్రమున రాజ్యము మాఱును గనుక పెక్కుమంది భూగర్భ రైలెక్కియే వలసపోయిరి. వైద్యులు, ఇంజనీర్లు, యువకులు పోవుచుండ నే రాజ్యము మాత్రము నిలుచును? ఐనను, తన ప్రజలను నిలుపుకొన లేని ప్రభుత్వము వారికి కంచె వేయుటను ఏ సిద్ధాంతముతోను సమర్థింప వలనుపడదని మా యభిప్రాయము. 1961 జూనులో వాల్టరు ఉల్బ్రిక్టు గోడ కట్టు తలంపు ఎవరికిని లేదని పత్రికా ప్రతినిధులతో ననెను. ఆగస్టు 13వ తేదీ ఆదివారము తెల్లవాఱుసరికి ముళ్లకంచె లేచినది. తరువాత గోడ వచ్చినది. నగరము నడుమ 43 కిలోమీటరులు, పశ్చిమ బెర్లిను చుట్టుకొలత మొత్తము 155 కిలోమీటరులు. పశ్చిమమున పని చేయుచుండిన 50 వేలకు మించిన తూర్పువారికి నాటితో జీవనోపాధి పోయెను.

పురపాలకుల పాత గీత తన క్రౌర్యమును అప్పుడు చూపినది. బెర్నావరు వీధిలో దక్షిణపు వరుస యిండ్లు మిట్టె పేటవి, సోవియటు వంతు. వాని గుమ్మము ముందరి కాలిబాట వెడ్డింగు పేటది, ఫ్రెంచివారి వంతు. ఇంటివారు వాకిలి దాటినచో దేశము దాటినట్లే. ప్రభుత్వము ముందు వాకిళ్లను, పిమ్మట కిటికీలను ఇటుకలతో మూయించెను. మూయకముందే జనులు మేడలపైనుండి దుముకజొచ్చిరి. పశ్చిమపు అగ్నిమాపక దళమువారు క్రింద దుప్పటములు పట్టిరి. 1961 ఆగస్టు 22వ తేదీని ఇడా సీక్మాను అను స్త్రీ అట్లు దుమికి మరణించెను. గోడ వలన పోయిన ప్రాణములలో అది మొదటిది. అదే వీధిలో సమాధాన ప్రార్థనాలయము అను క్రైస్తవ దేవాలయము రెండు గోడల నడిమి మృత్యుభూమిలో చిక్కి, భక్తులు చేర వీలులేక, 1985 జనవరిలో ప్రేలుడు మందుతో కూల్చబడెను. ఆ స్థలమున నేడు మట్టితో కట్టిన చిన్న మందిరమొకటియు, దాని ప్రక్క రై ధాన్యపు చేనును ఉన్నవి. ఆ చేను కోతకు వచ్చుచున్నది.

నదివద్ద జరిగిన దింతకంటె ఘోరము. ఫ్రీడ్రిషుహైను తూర్పు పేట. క్రోయిట్సుబెర్గు పశ్చిమ పేట. నడుమ స్ప్రే నది. నది యావత్తును ఈవలి గట్టు వఱకు ఫ్రీడ్రిషుహైను పేటదని పైన సూచించితిమి. ఒడ్డు అమెరికా వంతు. నీరు సోవియటు వంతు. క్రోయిట్సుబెర్గు ఒడ్డున గ్రోబెను రేవున పేదవారి పిల్లలు, తుర్కీనుండియు ఇటలీనుండియు కూలికి వచ్చినవారి పిల్లలు, ఆడుకొనుచుందురు. 1966 మొదలు 1975 వఱకు ఐదుగురు బిడ్డలు అచ్చట నీట పడి మరణించిరి. పెద్దవానికి ఎనిమిదేండ్లు. పశ్చిమపు అగ్నిమాపకులు వచ్చి ఒడ్డున నిలిచిరి. నీట దిగినచో సరిహద్దు నతిక్రమించినట్లగును, తూపాకుల గుఱికి లోబడినట్లగును. తూర్పు కావలి పడవలు తమ పైవారి ఉత్తరువు లేక కదలవు. 1975 మేలో చనిపోయిన బాలునికి ఆనాడే ఐదవ జన్మదినము. జనులు వీధుల కెక్కిరి. తుదకు ఆ సంవత్సరము అక్టోబరు 29వ తేదీని, ప్రమాద సమయమున ఒడ్డుననుండి నీటిలోనికి దిగి రక్షించుటకు అనుమతించు ఒడంబడిక యొకటి జరిగినది. నీట పడిన బిడ్డను పైకి తీయుటకు రెండు ప్రభుత్వములు సంవత్సరముల కొలది సంప్రతించిన వృత్తాంతము ఈ నగర చరిత్రలో కలదు. గోడ దాటుచు కాల్పులకును, ఇట్టి ప్రమాదములకును గుఱియై ప్రాణములు పోయినవారు కనీసము 140 మందియని చరిత్రకారుల నిర్ణయము. ఈ ఐదుగురు బిడ్డలు ఎవరినుండియు పాఱిపోవుచుండలేదు.

ఇక నేలక్రింద ఏమి జరిగినదో వినుడు. 1873 మొదలు జేమ్సు హోబ్రెక్టు అను ఇంజనీరు నగరమునకు మురుగు కాలువల నేర్పరచెను. నీరు పల్లమునకు పాఱి, యంత్రములచే ఊరి వెలుపలి పొలములకు తోడబడి, అచ్చట కూరగాయలు పండించెడిది. పల్లము ఎవరి మాట వినును? గోడ కట్టిన పిదప సైతము పశ్చిమ బెర్లిను మురుగు కొంత తూర్పువారి వైపునకే పోయెను. పశ్చిమము అందులకు రొక్కము చెల్లించెను. మనుష్యులు దాటిపోకుండ కాలువలలో ఇనుప చువ్వలు దిగవేసి నీటిని మాత్రము పోనిచ్చిరి. భూగర్భ రైళ్ల సంగతి మఱింత విచిత్రము. పశ్చిమమునుండి పశ్చిమమునకు పోవు కొన్ని మార్గములు నడుమ తూర్పు పేటల క్రిందుగ పోవును. ఆ స్టేషనులను మూసివైచి, మసక దీపములలో కావలివాండ్ర నుంచిరి. బండి వేగము తగ్గించుకొని నిలువక సాగును. ప్రయాణికులు అద్దములనుండి పాత ప్రకటన కాగితములను చూతురు. వానికి భూతాల స్టేషనులని పేరు. ఈ దారి వాడుకకును పశ్చిమము ఏటేటను అద్దె నిచ్చుచుండెను. రాజకీయములలో మాటలు లేని రెండు ప్రభుత్వములు మురుగునకును రైలునకును లెక్కలు సరిచూచుకొనుచునే యుండెను.

బంధువుల సంగతి యింత సులభముగ తేలలేదు. గోడ లేచిన 28 నెలలకు, 1963 డిసెంబరున, క్రిస్మసు పండుగకై పశ్చిమ బెర్లినువారికి తాత్కాలికముగ అనుమతి పత్రముల నిచ్చిరి. రెండున్నర వారములలో 12 లక్షల సందర్శనములు జరిగినవి. అనగా ఒక్కొక్కరు మఱల మఱల పోయిరన్నమాట. 1971 సెప్టెంబరు 3వ తేదీని నాలుగు రాజ్యములు చేసికొనిన ఒడంబడిక రాకపోకలను కొంత స్థిరపరచెను. ఆ పత్రమున ఒక చమత్కారము గలదు. అది ఏ ప్రదేశమును గూర్చినదో ఉభయులకును పొసగకపోవుటచే, మొదటి భాగమున బెర్లిను పేరెత్తక 'సంబంధిత ప్రదేశము' అని వ్రాసికొనిరి. చెక్కుబందీ లేని దస్తావేజు మన రిజిస్ట్రారు కచేరీలో చెల్లదు. అచ్చట మాత్రము అది చెల్లుబాటై పెక్కేండ్లు శాంతిని నిలిపెను.

భూమి గల పాఠకులకు కొన్ని ముక్కచెక్కల కథ రుచింపవచ్చును. స్టోల్పె గ్రామ రైతులు 18వ శతాబ్దమున ఊరికి దూరముగ సంపాదించుకొనిన భూమి స్టైన్‌స్ట్యుకెను. ఆ కారణముననే అది 1920లో బెర్లినులో చేరి, 1945లో అమెరికా వంతయ్యెను. చుట్టును సోవియటు మండలము. సుమారు 200 మంది నివాసులు. 1961 తరువాత అమెరికా సైనికులు అచ్చటికి హెలికాప్టరులో పోయెడివారు. భూముల మార్పిడి జరిగి 1972లో దానికొక దారి యేర్పడెను. క్రోయిట్సుబెర్గులో తూర్పుదైన ఒక చిన్న ముక్క, గోడను వంకర లేకుండ కట్టుటకై, గోడకు పశ్చిమమున మిగిలిపోయినది. పశ్చిమపు అధికారికి హక్కు లేదు. తూర్పు అధికారికి అక్కఱ లేదు. ఎనుబదులలో తుర్కీ దేశీయుడైన వృద్ధుడొకడు చెత్త తీసివైచి అందు ఉల్లి, వెల్లుల్లి వేసికొనెను. తూర్పు కావలివారు వచ్చి చూచియు పొమ్మనలేదు. రెండు మహాశక్తుల నడుమ పొరంబోకును సాగుచేసిన రైతు అతడొక్కడే కాబోలు!

మిట్టె పేటకు చెందిన లెన్నే ముక్కోణము సుమారు 4 హెక్టారులు. అదియు గోడకు పశ్చిమమున వదలబడి అడవిగ పెరిగెను. 1988 జూలై 1వ తేదీని దానిని పశ్చిమమునకు అప్పగించుటకు ఒడంబడిక జరిగినది. అచ్చట రోడ్డు వేయరాదని యువకులు ముందుగనే గుడిసెలు వేసికొనిరి. పశ్చిమ పోలీసులు ఆ తేదీ వఱకు లోపల అడుగు పెట్టలేకపోయిరి. ఆనాటి తెల్లవాఱున పోలీసులు ప్రవేశింపగా సుమారు 200 మంది నిచ్చెనలు వేసికొని గోడ దుమికి తూర్పునకు పాఱిపోయిరి! తూర్పు కావలివారు వారికి ఉదయాహారము పెట్టి, తిన్నని దారిన తిరిగి పంపిరి. గోడ చరిత్రలో ఇట్టి వలస మఱి లేదు.

1989 నవంబరు 9వ తేదీ కథ లోకవిదితము. ప్రయాణ నిబంధనల సడలింపు ఎప్పటినుండి యని విలేఖరి యడుగగా గ్యుంటరు షబోవ్‌స్కీ కాగితములు తడవికొని తక్షణమే యని చెప్పెను. ఆ రాత్రి బోర్న్‌హోల్మరు వీధి వారధివద్ద గుమిగూడిన జనుల నాపలేక కావలి అధికారులు అడ్డుకఱ్ఱలు తీసివైచిరి. 1990 అక్టోబరు 3వ తేదీని రెండు రాజ్యములు ఒకటయ్యెను.

ఆ పిమ్మట దస్తావేజులు పైకి వచ్చినవి. హిట్లరు కాలమున యూదులు పోగొట్టుకొనిన ఇండ్లు, 1949 తరువాత తూర్పు ప్రభుత్వము తీసికొనిన ఇండ్లు హక్కుదారులకు తిరిగి యీయవలెనని 1990 శాసనము. నష్టపరిహారము కంటె ఆస్తిని తిరిగి యిచ్చుటయే ముందు అను సూత్రమును పెట్టిరి. 1945 మొదలు 1949 వఱకు సోవియటు ఆక్రమణలో పోయిన, నూఱు హెక్టారులకు మించిన ఎస్టేటులకు మాత్రము ఆ హక్కు లేదనిరి. తూర్పు జర్మనీ యంతట భూములకును ఇండ్లకును దాఖలైన కోరికలు 20 లక్షలకు మించినవి. నలువది యేండ్లుగ అద్దె కట్టి కాపురమున్న వాడొక ప్రక్క. తాత పేర పట్టా గలవాడొక ప్రక్క. ఇరువురును నిర్దోషులే. గోడ క్రింద పోయిన స్థలముల సంగతి మాత్రము మాకు మింగుడుపడదు. 1996 శాసనము ప్రకారము పాత యజమానులు తమ స్థలమును బజారు వెలలో నాల్గవ వంతు చెల్లించి తిరిగి కొనుక్కొనవలెను. దొంగసొత్తు దొరికిన పిదప ఠాణావారు దానిని సొంతదారునకే పావు వెలకు అమ్మినట్లున్నది.

రాజధాని బెర్లినని 1990 ఒడంబడికలోనే యుండినను ప్రభుత్వ మెచ్చట నుండవలెనను ప్రశ్న మిగిలెను. 1991 జూను 20వ తేదీని బొన్నులోని పార్లమెంటు పగలంతయు చర్చించి రాత్రి వోటు తీసికొనెను: బెర్లినుకు 338, బొన్నునకు 320. పదునెనిమిది వోట్లు! 1953లో మదరాసును విడిచి కర్నూలునకు చేరిన వారికి, 2014 మొదలు 2024 వఱకు హైదరాబాదును ఉమ్మడి రాజధానిగ జూచిన వారికి, ఆ రాత్రి యుద్వేగమును వర్ణింప నక్కఱలేదు. 1999 ఏప్రిలు 19వ తేదీని పునర్నిర్మితమైన రైష్టాగు భవనమున పార్లమెంటు కూడెను. బొన్నునకు ఊఱటగ కొన్ని మంత్రిత్వశాఖల ప్రధాన కార్యస్థానముల నచ్చటనే యుంచిరి.

గోడ నిలిచిన దినములు 10,316. 2018 ఫిబ్రవరి నాటికి అది లేక గడచిన దినములు అంతకు సమానమైనవి. ఐనను పాత చీలిక జాడలు పోలేదు. 1967లో పశ్చిమము తన ట్రాములను తీసివైచినందున నేటికిని ట్రాము దారులు చాలమట్టుకు తూర్పుననే గలవు. 2013లో అంతరిక్షమునుండి తీసిన ఛాయాచిత్రమున తూర్పు దీపములు పసుపుగను, పశ్చిమపు దీపములు తెల్లగను కనబడినవి. దీపస్తంభములు మార్చుటకు పురపాలక సంఘమునకు తొందర లేదు.

పొలిమేర మాత్రము మారినది. 2001 జనవరి 1వ తేదీని నగర పేటలను తిరిగి కూర్చి 12 చేసిరి. మిట్టె, టీర్‌గార్టెను, వెడ్డింగు అను మూడును, అనగా ఒకనాటి సోవియటు, ఆంగ్ల, ఫ్రెంచి వంతులు, ఒక పేటయైనవి. ఫ్రీడ్రిషుహైను క్రోయిట్సుబెర్గులు కలిసి ఒక పేటయై, రెండింటిని కలుపు ఓబర్‌బౌము వారధిని తమ ముద్రికపై వేసికొనినవి. ఆ ఐదుగురు బిడ్డలు మునిగిన నీరు ఇప్పుడు ఏ పేటకును సరిహద్దు కాదు. విలీనము కాలమున కొన్ని వేసవులలో రెండొడ్డుల యువజనులు ఆ వారధిపై ఎదురెదురుగ నిలిచి, మీ పేటలో మేము చేరమని కేకలు వేయుచు, కుళ్లిన కూరగాయలతోను నీళ్ల బకెట్లతోను కొట్టుకొనిరి. ఆట ముగిసిన పిదప వారధి నూడ్చుట ఉమ్మడి పురపాలకుల పని.